యూఎస్ ఓపెన్‌కి వెళ్తున్నారా? బయటి కోర్టులు వదలకండి

ఆగస్టు వచ్చిందంటే న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఉండే మనవాళ్ళ మధ్య ఏటా ఒకటే చర్చ. యూఎస్ ఓపెన్‌కి టికెట్టు కొనాలా, ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీలో చూస్తే సరిపోదా అని. కొన్నేళ్ళుగా ఫ్లషింగ్ మెడోస్‌కి వెళ్ళొస్తున్నవాడిగా నా సలహా ఒకటే: తప్పకుండా వెళ్ళండి, కానీ పెద్ద స్టేడియం టికెట్టు మీద తొందరపడి డబ్బు తగలెయ్యకండి.

ఎందుకంటే, 1997లో తెరిచిన ఆర్థర్ యాష్ స్టేడియం టెన్నిస్ స్టేడియాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. 23,000 పైచిలుకు సీట్లు. మన జేబుకి అందేవి చాలావరకు పై అంతస్తులోనే ఉంటాయి. అక్కణ్ణుంచి ఆటగాళ్ళు క్యారమ్ బోర్డు మీద కాయల్లా కనిపిస్తారు. చివరికి మనం చూసేది పెద్ద తెరనే. దానికి ఇంట్లో టీవీ ఏం పాపం చేసింది?

అదే గ్రౌండ్స్ పాసు కొంటే యాష్ తప్ప మిగతా కోర్టులన్నీ తిరగొచ్చు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, గ్రాండ్‌స్టాండ్ స్టేడియాల్లోనూ రిజర్వేషన్ లేని సీట్లుంటాయి, ముందొచ్చినవాళ్ళదే సీటు. చిన్న కోర్టుల్లోనైతే ఆట మీకు నాలుగైదు గజాల దూరంలోనే జరుగుతుంది. మొదటి వారంలోనే వెళ్ళండి. రెండో వారానికి పెద్ద సింగిల్స్ మ్యాచులు స్టేడియాల్లోకి వెళ్ళిపోతాయి.

దగ్గర్నుంచి చూస్తే ఏమొస్తుందంటారా? టీవీ కెమెరా బేస్‌లైన్ వెనక బాగా ఎత్తులో ఉంటుంది. అందువల్ల బంతి నెట్ మీదుగా ఎంత ఎత్తున వెళ్తోందో, ఎంత తిరుగుతోందో తెరమీద సరిగ్గా తెలియదు. బయటి కోర్టులో బేస్‌లైన్ వెనకవైపు కూర్చోండి. ఇక ఔటే అనుకున్న బంతి, ఎవరో దారం కట్టి లాగినట్టు, చివరి క్షణంలో కిందికి దిగి గీత లోపల పడుతుంది. టాప్‌స్పిన్ అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. ఇంకోటి కూడా గమనించండి. ఇబ్బందిలో పడ్డ ఆటగాడు ఎక్కువగా ఐమూలగానే కొడతాడు. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తే, స్తంభాల దగ్గర మూడున్నర. పైగా కోర్టు పొడవు 78 అడుగులైతే, సింగిల్స్‌లో మూల నుంచి మూలకి 82 అడుగులు దాటుతుంది. అడ్డంకి తక్కువ, చోటు ఎక్కువ. మన ఇంజనీర్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అసలు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది క్వాలిఫయింగ్ వారం. 2025లో కూడా ప్రవేశం ఉచితమే. సింగిల్స్‌లో 128 మంది దిగుతారు, వరసగా మూడు మ్యాచులు గెలిచిన 16 మందికే మెయిన్ డ్రా. హెచ్-1బి లాటరీ గుర్తొచ్చిందా? కాకపోతే ఇక్కడ ఎవరి అదృష్టం వాళ్ళ రాకెట్‌లోనే ఉంటుంది. పేరు తెలియని ఆటగాళ్ళే, కానీ ఒక్కో పాయింటుకి వాళ్ళు పడే ఆరాటం చూస్తే మనకే గొంతు ఆరిపోతుంది. ఓడినవాడు బ్యాగు భుజాన వేసుకుని మన పక్కనుంచే నడిచిపోతాడు. 2016లో మన సాకేత్ మైనేని ఈ మూడు మెట్లూ ఎక్కి మెయిన్ డ్రాకి చేరాడు. మొదటి రౌండులో ఐదు సెట్లు పోరాడి ఓడిపోయాడు. అలబామాలో కాలేజీ టెన్నిస్ ఆడిన కుర్రాడు కాబట్టి, ఇక్కడ ఎమ్మెస్ చేసినవాళ్ళకి ఇంకాస్త దగ్గరివాడనిపిస్తాడు.

డబుల్స్‌ని కూడా చిన్నచూపు చూడకండి. మన సానియా మీర్జా ఇక్కడ 2014లో మిక్స్‌డ్ డబుల్స్, 2015లో మార్టినా హింగిస్‌తో మహిళల డబుల్స్ గెలిచింది. నెట్ దగ్గరున్న ఆటగాడు వీపు వెనక వేళ్ళతో చేసే సైగలు చదవడానికి ప్రయత్నించండి, భలే కాలక్షేపం.

కారు ఇంట్లోనే పెట్టి 7 నంబరు రైలెక్కి మెట్స్-విల్లెట్స్ పాయింట్‌లో దిగండి. బ్యాక్‌ప్యాకులు లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా సంగతి ముందే నిబంధనల్లో చూసుకోండి. చిన్న కోర్టుల దగ్గర నీడ తక్కువ, కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే టోపీలు మరవొద్దు. పాయింటు నడుస్తుంటే నిశ్శబ్దం, ఆటగాళ్ళు వైపులు మారేటప్పుడే సీటు వెతుక్కోవడం మర్యాద. రాత్రి సెషన్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం మర్నాడు పొద్దున్నే మీటింగు పెట్టుకోకండి. 2022లో అల్కరాజ్, సిన్నర్‌ల క్వార్టర్ ఫైనల్ తెల్లవారుజామున 2:50కి ముగిసింది!