పెరటి చెక్కయరుగు - అంచుల రక్షణము

రాతియరుగునకు బదులు పెరటివైపు చెక్కయరుగు కట్టించుకొనుట యీ నడుమ మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములయందును కొన్ని యిండ్ల గానవచ్చుచున్నది. దానిపై వృద్ధులు సాయంకాలము గాలికి గూర్చుందురు, పిల్లలాడుకొందురు. అట్టి యరుగు పైకి నున్నగా నుండి లోన పుచ్చినచో, కాలు దిగబడి దెబ్బ తగులువఱకు ఎవ్వరికిని దెలియదు. ఆ పుచ్చు తఱచుగా మొదలగు తావు అంచులే.

చెట్టు బ్రదికియున్నపుడు నీటిని పైకి గొనిపోయిన సన్నని గొట్టములు చెక్కయందును మిగిలియుండును. పలకను అడ్డముగా గోసినపుడు వాని నోళ్లు తెఱచుకొనును. అందుచేత పలక ముఖముకంటె కోసిన కొన అనేక రెట్లెక్కువగా నీరు పీల్చును. చెక్కలో తడి నూటికి 20 పాళ్లకు లోబడియున్నంత కాలము కుళ్లు పుట్టదు. అంతకు మించి నిలిచెనేని పుట్టును. మన తీరమున జూన్ వానలు వెనుదీయునంతలో అక్టోబరు తుపానులు వచ్చును. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస చెంత తీరము దాటిన తిత్లీ అక్టోబరులో వచ్చినవే గదా!

కావున అంచులకు పలక గప్పుట సొగసునకు మాత్రమే కాదు. అయితే పలువురు వడ్రంగులు అంచుపలకను కొనలకు గట్టిగా నదిమి బిగింతురు. చూపునకు చక్కగానే యుండును. కాని సందున జొచ్చిన నీరు వెడలు దారి లేక యచ్చటనే నిలుచును. కప్పని యంచు ఎండకైన ఆఱును. ఇట్లు కప్పినది త్వరగా ఆఱదు.

పని జరుగునపుడు ఇల్లాలు కనిపెట్టవలసినవి కొన్ని గలవు. తొలుత కోసిన కొనలన్నిటికిని చెక్కపూత రెండు మూడు మాఱులు పట్టింపవలయును. జీడిపిక్కల పెంకునూనె చెక్కను గాపాడునదే యైనను, తగిలిన చర్మము బొబ్బలెక్కును గాన పిల్లలు తిరుగు తావున వలదు. పిమ్మట కొనలకును అంచుపలకకును నడుమ పావు అంగుళము సందు విడిపింపుడు. అంచుపలక అరుగుమట్టమునకు మీఱరాదు. మీఱినచో నీరు గట్టు కట్టినట్లు నిలుచును. దాని క్రిందియంచు మట్టికి రెండంగుళములైన ఎత్తుననుండవలయును. లేనిచో చెదలు దాని చాటున కంటబడక యెక్కును. ఉప్పుగాలికి ఇనుపమేకులు తుప్పుపట్టును గాన ఇత్తడి మరలుగాని, తుప్పుపట్టని యుక్కు మరలుగాని వాడింపుడు. ముందుగా సన్నని బెజ్జము వేసి బిగించినచో పలక చీలదు. ఎప్పుడైన ఊడదీసి చూచుటకును మరలే యనుకూలములు.

ఏటేట సంక్రాంతికి ఇల్లు వెల్లవేయించునపుడు, అంచుల వెంబడి దబ్బనముతో పొడిచి చూడుడు. అది మెత్తగా దిగిన తావున పుచ్చు గలదని యెఱుంగుడు. నాడు ఒక్క పలక మార్చినచో చాలును. ఉపేక్షించినచో అరుగును మోయు దూలములే మార్చవలసివచ్చును.