పామేడు పిల్లలు ఎవరి లెక్క?

పామేడు ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో. అయినా ఆ ఊరివాళ్లు సొంత జిల్లా కేంద్రం బీజాపూర్‌కు పోవాలంటే మొన్నమొన్నటి దాకా తెలంగాణలోకి దిగక తప్పేది కాదు. చర్లకు వచ్చి, వెంకటాపురం, వాజేడు దాటి, భోపాలపట్నం మీదుగా చుట్టు తిరిగితే బీజాపూర్. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అడవిలోంచి తిన్నగా పోతే అందులో దాదాపు సగమే గానీ, ఆ దారిన బండి తిరిగే రోజులు కావవి. తర్రెం, కొండపల్లి వైపు భద్రతా దళాల శిబిరాలు ఒక్కొక్కటిగా ముందుకు జరిగి, వాటి వెనకే రోడ్డు పడ్డాక, 2025లో బీజాపూర్ వైపు నుంచి పామేడుకు బస్సు వచ్చింది.

బస్సు వచ్చిందో లేదో రోడ్డు మీద నిలబడితే తెలిసిపోతుంది. చదువు వచ్చిందో లేదో అంత తేలిగ్గా తేలదు. బడి ఉందా, బడిలో పిల్లలున్నారా, ఉన్నవాళ్లకు చదవడం వస్తోందా, రానివాళ్లెవరు, ఎందుకు రాలేదు? ఇన్నిటికీ ఒక్క అంకె జవాబు చెప్పలేదు. పామేడులాంటి చోట వీటన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. అసలు పిల్లలు ఎంతమంది?

దేశాలు చాలాకాలం ఈ ప్రశ్న జోలికి పోలేదు. మాట ఇవ్వడం మీదున్న శ్రద్ధ కొలత మీద లేదు. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ పదేళ్లలోగా ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని మన రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకుంది. అంటే గడువు 1960. అది దాటి ముప్పై ఏళ్లయ్యాక, 1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియన్‌లో ప్రపంచ దేశాలు ‘అందరికీ విద్య’ అన్నాయి. 2000లో డకార్‌లో కూర్చుని గడువును 2015కు జరిపాయి. ఈ నడుమ మన దగ్గర ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 1993లో చదువును ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అది చట్టమై అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న.

డకార్ తర్వాత యునెస్కో ఒక సూచీ తయారుచేసింది. ప్రాథమిక బడుల్లో చేరిక, వయోజన అక్షరాస్యత, ఆడ మగ తేడా, అయిదో తరగతి దాకా నిలిచినవాళ్ల శాతం, ఈ నాలుగింటి సగటు దేశానికి వచ్చే మార్కు. 2015లో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వచ్చేసరికి చేరిక ఒక్కటే చాలదన్నారు. రెండు మూడు తరగతుల్లో, ప్రాథమిక విద్య చివర, ఆపై దశ చివర పిల్లలకు చదవడమూ లెక్కలూ కనీసంగా వచ్చాయో లేదో చూడమన్నారు. పల్లె, పట్నం, పేద, ధనిక, వైకల్యం, సంఘర్షణ ప్రాంతం అంటూ విడదీసి చూపమన్నారు. గడువు 2030.

విడదీసి చూడకపోతే ఏమవుతుందో బీజాపూర్ చెబుతుంది. 2011 జనగణనలో దేశ అక్షరాస్యత 73 శాతం, బీజాపూర్‌ది దాదాపు 41. దేశంలోని జిల్లాలన్నిటికీ అడుగున మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్ ఉంటే, జాబితాలో దాని వెంటే ఈ జిల్లా. ఈ అంకె అందరికీ తెలిసిందే. అదే జనగణనలో ఇంకా లోతుగా చదవాల్సిన అంకె వేరే ఉంది. 2001 నుంచి 2011 దాకా ఛత్తీస్‌గఢ్ జనాభా 22 శాతానికి పైగా పెరిగితే బీజాపూర్‌లో పెరుగుదల తొమ్మిది శాతం లోపే. కాన్పులు ఉన్నట్టుండి తగ్గిపోయి కాదు, జనం ఊళ్లలో ఉండలేక.

2005 జూన్‌లో సల్వా జుడుం మొదలైంది. ప్రభుత్వ అండతో, మావోయిస్టుల మీదికి కదిలిన ఆ దండు ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలింది. బడి భవనాల్లో బలగాలు దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు బడులు కూల్చారు. ఊళ్లో పక్కా కప్పున్న ఇల్లు అదొక్కటే కావడం బడి చేసుకున్న పాపం. వందల బడులు మూతపడ్డాయి. బడుల నుంచి బలగాలను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో ఆదేశించింది. అదే ఏడు జూలై 5న, ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అప్పటికే శిబిరాలకు పోలేక, ఊళ్లో నిలవలేక, వేల కుటుంబాలు గోదావరి వైపు అడవుల్లోకి నడిచొచ్చేశాయి. అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవి అంచుల్లో గుంపులు కట్టుకుని ఉంటున్న వాళ్లనే ఇక్కడ గొత్తికోయలంటున్నారు.

ఏ శాతానికైనా లవం ఒకటి, హారం ఒకటి. లవం బడిలో ఉన్న పిల్లలు, హారం బడిలో ఉండాల్సిన పిల్లలు. ఊరొదిలిన పిల్ల పేరు బీజాపూర్ బడి రిజిస్టర్లోంచి పోతుంది. బడే పోతే రిజిస్టరే ఉండదు. ఇటు తెలంగాణలో ఆ గుంపు రెవెన్యూ గ్రామం కాదు, అటవీ శాఖ కంటికి అది ఆక్రమణ. అక్కడ షెడ్యూల్డ్ తెగగా లెక్కకొచ్చే కుటుంబానికి ఇక్కడ ఆ ధ్రువపత్రం దొరకదు. అటు హారంలోనూ ఆ పిల్ల లేదు, ఇటు హారంలోనూ లేదు. విచిత్రమేమిటంటే బడి బయటి పిల్లలు ఇలా లెక్కలోంచి జారిపోయేకొద్దీ రెండు జిల్లాల శాతాలూ మెరుగుపడతాయి. ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు.

ఈ సంగతిని సరిహద్దుకు రెండువైపులా కలిపి చూసిన ప్రభుత్వ సంస్థ ఒకటుంది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఆ ఏడు డిసెంబర్‌లోనే ఒక బృందాన్ని అప్పటి దంతెవాడకూ ఖమ్మానికీ పంపింది. కమిషన్ తొలి అధ్యక్షురాలు శాంతా సిన్హా. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ నడిపి, 2003లో మెగసెసె అందుకున్న ఆమె కొలతలో తెచ్చిన మార్పు గట్టిది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారామె. అంతకుముందు కూలి తీసుకునే పిల్లలనే కార్మికుల కింద రాసేవారు. మేకలు తోలుకుపోయే పిల్లవాడు, చంటివాణ్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండిపోయే అక్క, ఇటు బడి లెక్కలోనూ అటు పని లెక్కలోనూ లేకుండా పోయేవారు. నిర్వచనం మారగానే అలాంటి పిల్లలు కళ్లముందుకొచ్చారు.

నిర్వచనాలు ఇప్పటికీ అలాగే పిల్లల్ని చూపిస్తాయి, దాస్తాయి. దేశంలో సాధారణంగా వాడే నియమం ప్రకారం వరసగా 45 రోజులు రాకపోతేనే ‘బడి బయటి’ పిల్ల. కర్ణాటక దాన్ని ఏడు రోజులకు దించింది. బీజాపూర్ ఉన్న బస్తర్ ప్రాంతానికి ఈ తేడా చిన్నది కాదు. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి అక్కడి నుంచి జనం మిరపకాయలు ఏరడానికి తెలంగాణ తోటలకు వస్తారు, ఏప్రిల్ దాకా ఉంటారు. పెద్దలతో పిల్లలూ వస్తారు. నడుమ నాలుగు రోజులు ఊరికెళ్లి బడిలో కూర్చుని వస్తే 45 రోజుల లెక్క మళ్లీ మొదటికి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడుస్తూ పన్నెండేళ్ల పిల్ల ఒకతె ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా చనిపోయింది. దేశమంతా ఆ మరణం గురించి మాట్లాడింది. పన్నెండేళ్ల పిల్ల పరీక్షల కాలంలో తోటలో ఎందుకుందన్నది మాత్రం ఆ మాటల్లో అంతగా వినబడలేదు.

మూతపడ్డ ఊరి బడులకు బదులుగా ప్రభుత్వం పెట్టినవి పోర్టా కేబిన్లు. వెదురు, ప్లైవుడ్ లాంటి వాటితో రోడ్డు పక్కన త్వరత్వరగా లేపిన ఆశ్రమ బడులు, ఒక్కోదాంట్లో వందల మంది పిల్లలు. కొలిచేవాళ్లకు ఇవి రెండు నాలుకలతో మాట్లాడతాయి. ఇవి లేకపోతే ఒక తరం మొత్తం పలక పట్టకుండానే పెరిగేదన్నది నిజం. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నియమాలు అయిదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల ఉండాలంటుంటే, ఆరేళ్ల బిడ్డ తల్లిని వదిలి అడవి అవతలికి పోవాల్సి వచ్చిందన్నదీ నిజమే. చేరిక లెక్కలో మొదటిది కనబడుతుంది, రెండోది కనబడదు. తాత్కాలికం అనుకున్నవి ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. 2024 మార్చిలో ఆవపల్లి దగ్గర చింతకొంట బాలికల పోర్టా కేబిన్ అంటుకుని నాలుగేళ్ల పాప కాలిపోయింది. ఆ వయసుకు ఆ పాప ఏ తరగతి రిజిస్టర్లోనూ ఉండాల్సింది కాదు.

తెరుచుకున్న బడుల కథ వేరే. 2022 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బస్తర్‌లో పదిహేనేళ్లుగా మూతపడి ఉన్న 260 బడులు తెరిచింది. వాటిలో ఎక్కువ భాగం బీజాపూర్‌వే. 2024లో జిల్లా యంత్రాంగం మళ్లీ బడికి రమ్మంటూ గోండి పేరుతో ఒక పండుమ్ (పండుగ) నడిపి, ఇంటింటికీ తిరిగి పిల్లల పేర్లు రాయించింది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ మొత్తం వ్యవహారంలో తెలివైన పని ఇదే. రిజిస్టర్ దగ్గర కూర్చుంటే వచ్చిన పిల్లలు మాత్రమే తెలుస్తారు. రానివాళ్లు తెలియాలంటే గడప తొక్కాలి.

అలా తెరిచిన బడి అంటే చాలాచోట్ల ఒక పాక. లోపల పాఠం చెప్పేది శిక్షాదూత్, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే కాస్త చదువుకున్న కుర్రాడో అమ్మాయో, కొద్దిపాటి గౌరవ వేతనం మీద. బయటి సార్లు రాని ఊళ్లకు వాళ్లే దిక్కు. పోలీసులకు సమాచారం ఇస్తున్నారన్న అనుమానంతో మావోయిస్టులు బీజాపూర్, సుక్మా జిల్లాల్లో వీళ్లలో కొందరిని చంపారు, 2025లో కూడా. ఉపాధ్యాయుడు ఉన్నాడా లేడా అన్న గడిలో టిక్కు పెట్టేటప్పుడు ఆ టిక్కు వెనక ఏముందో చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు.

బడి తెరిచాక మాట్లాడాల్సింది భాష గురించి. పామేడు ఇళ్లలో వినబడేది దోర్లి, కోయ, గోండి, వాటి పక్కన తెలుగు. బడి పుస్తకం హిందీ. రెండో తరగతి పిల్ల హిందీ వాచకం చదవలేకపోతే చదవడం రాలేదని రాయాలా, హిందీ రాలేదని రాయాలా? సుస్థిరాభివృద్ధి సూచికల్లో ఇంటి భాషలో బోధన అందుకుంటున్న పిల్లల శాతం కూడా ఒకటుంది, నలుగురూ ఉటంకించనిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయ, గోండి, సవర, కువి, కొలామీ వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్ 2020 గణతంత్ర దినం నాడు గోండి, హల్బీ వంటి భాషల్లో చదువు చెబుతామంది. పుస్తకం ఆ భాషలో అచ్చయినంత మాత్రాన సరిపోదు, ఆ భాష మాట్లాడే పంతులు కావాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు కొలువులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. రిజర్వేషన్ పరిమితి మీద ఎంతో వాదన జరిగిన ఆ కేసు, గోదావరికి ఇటువైపు ఒకటో తరగతి పిల్లల నోటి భాష మీద కూడా పడింది.

నేర్చుకున్నదెంత అని నేరుగా అడిగే ప్రయత్నాలు లేకపోలేదు. ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వే ఇళ్లకే వెళ్తుంది. పిల్ల బడిలో ఉన్నా లేకున్నా ఆమె చేతికి ఒక పేరా ఇచ్చి చదవమంటుంది. 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. రెండేళ్ల ముందు 16.3. పెరుగుదల చెప్పుకోదగ్గదే. కాకపోతే సర్వేకు ఊళ్లను ఎంచుకునేది 2011 జనగణన జాబితాలోంచి. అప్పటి జాబితాలో బస్తర్ ఊళ్లు కొన్ని పేరుకే మిగిలాయి, గోదావరి వైపు పుట్టుకొచ్చిన గుంపుల సంగతి సరేసరి. ప్రపంచ బ్యాంకు 2019లో ‘చదువు పేదరికం’ అనే కొలత తెచ్చింది. పదేళ్లకు చిన్న కథ చదివి అర్థం చేసుకోలేని పిల్లల శాతం అది. అందులో బడికి రాని పిల్లలందరినీ చదవలేనివాళ్ల కిందే కడతారు. పేద, మధ్య ఆదాయ దేశాల్లో అప్పుడు తేలింది 53 శాతం. మిగతా సూచీల కంటే ఇది నిజాయితీ గలదనిపించడానికి కారణం ఆ ఒక్క నియమమే. హారంలోంచి ఎవరినీ జారనివ్వదు.

హారం కదిలితే లోకమే కదులుతుంది. 2025లో యునెస్కో బడి బయటి పిల్లలు, యువత 27.2 కోట్లని చెప్పింది, అంతకుముందు అంచనా కంటే రెండు కోట్లకు పైగా ఎక్కువ. ఆ పెరుగుదలలో కొంత కేవలం జనాభా అంచనాలు సవరించడం వల్ల వచ్చిందే. మన దేశంలో ఇది తలకిందులుగా, లవం వైపు నుంచి జరిగింది. 2021-22లో, బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ లెక్కల్లో బడి పిల్లలు 26.5 కోట్లు. పేరు పేరునా, ఆధార్‌తో సరిచూసుకుంటూ నమోదు చేయడం మొదలుపెట్టాక, 2023-24కు 24.8 కోట్లు. రెండుసార్లు రాసుకున్న పేర్లు పోయాయి, మంచిదే. పేరే లేని పిల్ల సంగతి ఈ శుద్ధిలో తేలలేదు. పదహారేళ్ల తర్వాత వస్తున్న జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అప్పటిదాకా పామేడులో బడి ఈడు పిల్లలెందరన్నది అంచనాల మీద అంచనా.

ఇప్పుడు ప్రతి విద్యార్థికీ యూడైస్‌లో ఒక శాశ్వత సంఖ్య ఉంటోంది. పిల్ల బడి మానేసి ఇంకెక్కడా చేరకపోతే ఆ పేరు ‘డ్రాప్ బాక్స్’ అనే పెట్టెలో పడుతుంది. మరో బడి, అది మరో రాష్ట్రంలోదైనా సరే, ఆ సంఖ్య ఆధారంగా పేరును బయటికి తీసుకోవచ్చు. పామేడులో పేరున్న పిల్ల మిరప ఏరడానికి వచ్చి చర్ల దగ్గరే నిలిచిపోతే, ఇటు సారు ఆ సంఖ్య అడిగి చేర్చుకునే వీలు మొదటిసారి ఏర్పడింది. ఆ పిల్ల ఎప్పుడైనా ఒక బడిలో పేరు రాయించుకుని ఉంటేనే. ఊరి బడి మూతబడిన ఏళ్లలో ఈడుకొచ్చి, గుంపులో పెరిగి, ఆధార్ లేక ఏ రిజిస్టర్లోకీ ఎక్కని అమ్మాయికి ఆ సంఖ్య రాదు. ఆమె పేరు ఆ పెట్టెలో కూడా ఉండదు.