కోట కింద దావత్

ఫంక్షన్ హాల్ కిరాయి, స్టేజీ డెకరేషన్, డీజే, యాట కూర. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పెండ్లింటి లెక్క ఈ నాలుగింటి చుట్టే తిరుగుతుంది. స్టేజీ ఖర్చు తగ్గాలి, ఫొటోలు మాత్రం పది కాలాలు చెప్పుకునేలా ఉండాలి అనుకునే జంటలు కొన్ని దేశాల్లో యుద్ధ మ్యూజియాల తలుపు తడుతున్నాయి.

అమెరికాలో ఇది మామూలే. శాన్ డియాగో రేవులోని మిడ్‌వే విమానవాహక నౌక 1945లో నౌకాదళంలో చేరి 1992లో విశ్రాంతి తీసుకుంది. 2004 నుంచి మ్యూజియం. సందర్శకులు వెళ్లిపోయాక సాయంత్రం పూట దాని డెక్‌ను విందులకు అద్దెకిస్తారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ రాష్ట్రంలో, కామ్డెన్ దగ్గర డెలావేర్ నదిలో, ఆ రాష్ట్రం పేరే పెట్టుకున్న యుద్ధనౌక ఉంది. దానిమీద తొమ్మిది పెద్ద ఫిరంగులు, ఒక్కో గొట్టం దాదాపు 66 అడుగులు. వాటి ముందు వధూవరులు నిలబడితే వెనక పూల తెర దేనికి? ఇటువంటి పాత నౌకల నిర్వహణకు డబ్బు కావాలి, అద్దెల ఆదాయం అందుకు అక్కరకొస్తుంది.

తెలుగు నేల మీద ఇలాంటి మ్యూజియం అనగానే గుర్తొచ్చేది విశాఖ బీచ్‌లోని కురుసుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఈ జలాంతర్గామిని ఒడ్డుకు లాగి, 2002లో జనానికి చూపించడం మొదలుపెట్టారు. పొడవు 91 మీటర్లు. అయినా లోపల ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. గుండ్రటి ద్వారాల్లో నడుం వంచి, కాలెత్తి దాటాలి. పట్టుచీరతో దాటడమే కష్టం, ఇక బంతి భోజనం మాటెక్కడ?

మన నల్లగొండ, పాలమూరు వైపు చెప్పుకోదగ్గ యుద్ధ మ్యూజియం లేదు. పానగల్లు, పిల్లలమర్రి మ్యూజియాల్లో ప్రధానంగా కనిపించేవి శిల్పాలు. యుద్ధాల గుర్తులు చూడాలంటే కోటలకే పోవాలి. భువనగిరి గుండుమీది కోట కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంనాటిది. దేవరకొండ, రాచకొండ రేచర్ల పద్మనాయకులవి. పాలమూరు వైపు కోయిలకొండ, ఖిల్లా ఘనపురం, గద్వాల ఉన్నాయి. గద్వాల కోటలో గుడి ఉంది, డిగ్రీ కాలేజీ కూడా నడిచింది.

అయితే అడక్కుండా కోటలో షామియానా వేద్దామంటే చట్టం ఒప్పుకోదు. కేంద్ర రక్షణలోని కట్టడాలకు 1959 నాటి నిబంధనలున్నాయి. వాటిలో సభలు, పార్టీల సరసన రిసెప్షన్‌నూ చేర్చి, కేంద్రం రాతపూర్వక అనుమతి లేకుండా జరపరాదన్నారు. ఆచారంగా వస్తున్న మతపరమైన వేడుకలకు మాత్రం మినహాయింపు ఉంది. రాష్ట్రం కాపాడే కోటలైతే వారసత్వ శాఖను అడగాలి. ఏ కోట ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడమే మొదటి పని.

అనుమతి వచ్చినా అసలు చిక్కు వంట దగ్గర. దావత్ అంటే టెంటు వెనక రాళ్ల పొయ్యిలు, కట్టెల మంట, పెద్ద గంజుల్లో బగారా అన్నం. పాత కట్టడం పక్కన నిప్పు రాజేయనివ్వరు. ఊళ్లో వండి, వ్యాన్‌లో తెచ్చి, వేడి తగ్గకముందే వడ్డించాలి. డెకరేషన్‌లో మిగిలిన డబ్బు రవాణాకు పోతుంది.

చిన్న బడ్జెట్‌ను తేల్చేది వేదిక కాదు, పిలుపుల జాబితా. కల్యాణలక్ష్మి కింద ఆడపిల్ల పెండ్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సాయం 2014లో 51,000 రూపాయలతో మొదలై, 2018లో 1,00,116కు చేరింది. ఇస్తరుకు 250 రూపాయలనుకుంటే ఐదు వందల మందికి 1,25,000. భోజనాలకే ఆ సాయం చాలదు. వంద మందితో ఆపితే 25,000. కాకపోతే మన పెండ్లిలో వాడకట్టును వదిలి వందమందినే పిలవాలంటే ఇంటి పెద్దను ఒప్పించాలి. ‘వాళ్లింటికి పోయి తిని వచ్చినం, ఇప్పుడు పిలవకుంటే ఎట్ల?’ అంటే జవాబు ఉండదు.

వేదిక మ్యూజియమా, స్మారకమా అన్న తేడా కూడా మరవకూడదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆ పట్టణంలో ఆయన విగ్రహం ఉంది. అలాంటి చోట దండ వేసి దండం పెట్టడం వేరు, డీజే పెట్టడం వేరు. మ్యూజియంలోనైనా పాటల మోత, మందు విషయంలో నిర్వాహకుల మాటే చెల్లుతుంది.

ఖర్చు పెరగకుండా కోటను పెండ్లిలో కలుపుకునే పద్ధతి ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జంట, నలుగురు దోస్తులు, ఫొటోగ్రాఫర్ కొండెక్కి దిగుతారు. మోకాళ్ల నొప్పుల నాయనమ్మ కిందనే ఉంటుంది. మధ్యాహ్నం అదే ఊళ్లో చిన్న హాల్లో దావత్. ఫొటోలకూ కెమెరా రుసుము, అనుమతి ఏమైనా ఉన్నాయేమో ముందే అడగాలి.

మ్యూజియమే కావాలని పట్టుబడితే అడ్వాన్స్ ఇచ్చేముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. గేటు ఎన్నింటికి మూస్తారు, కరెంటు పోతే జనరేటర్ ఎవరిది, ఎంగిలి విస్తర్లు ఎవరు ఎత్తాలి, వాన వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు? వీటికి కాగితం మీద జవాబు వచ్చాకే లగ్నపత్రికలో వేదిక పేరు అచ్చు వేయించాలి.