చేతిలోని పిడుగు

ఆయుధములకు పేరు పెట్టుటలో మానవుడు ఏనాడును పిసినితనము చూపలేదు. శివునిది పినాకము, విష్ణువుది శార్ఙ్గము, అర్జునునిది గాండీవము. ఆ విండ్లకు ఒక్కొక్క కథ కలదు, ఒక్కొక్క ఆత్మ కలదు. కర్మాగారములలో వేలకొలదిగా తయారగు నేటి ఆయుధములకు అట్టి పేర్లు పొసగవు గనుక వానికి అంకెలే పేర్లైనవి. ఐనను అంకె ప్రక్కన గొప్ప మాట నొకదానిని తగిలింపనిదే వానిని చేసినవారికి తృప్తి కలుగలేదు. ఆ మాట ‘మాగ్నం’. లాటిను భాషలో దానికి ‘గొప్పది’ అని యర్థము. మన సంస్కృతపు ‘మహత్’ శబ్దమునకు అది దాయాది. రెండును ఒకే మూలము నుండి చీలిన కొమ్మలు. ఈ మాట మొదట ఒకటిన్నర లీటర్లు పట్టు షాంపేను సీసాకు చెల్లుచుండెను. పిదప మందు ఎక్కువ దట్టించిన తూటాలకు సంక్రమించినది. మత్తునకును మృత్యువునకును ఒకే బిరుదము!

ఇట్టి మహా రివాల్వరు నొకదానిని అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, ఒక గురి అభ్యాసశాలలో, చేతబట్టి కాల్చి చూచు సందర్భము ఇటీవల నాకు తటస్థించినది. ఆ అనుభవమును చెప్పుటకు ముందు ఈ యంత్రపు పుట్టుపూర్వోత్తరములను కొంత స్మరించుట యుక్తము.

కలకత్తా ఓడలో పుట్టిన ఊహ

రివాల్వరు కథలో మన దేశపు రేవు ఒకటి కలదని చాలమంది యెరుగరు. కనెక్టికటు రాష్ట్రమున 1814లో పుట్టిన శామ్యూల్ కోల్ట్ అను బాలుడు 1830లో ‘కోర్వో’ అను ఓడపై నావికుడుగా కలకత్తాకు బయలుదేరెను. తిరిగి నిలుచు ఓడ చక్రమును చూచుచు, తూటాలు పెట్టు గూళ్ళు అట్లే తిరిగి గొట్టమునకు సరిగా వచ్చి నిలిచిన ఎట్లుండునని తోచి, కఱ్ఱతో నమూనా చెక్కితినని అతడు పిమ్మట చెప్పుకొనెను. ఆ ఊహను ఉక్కుగా మార్చుటకు ధనము కావలసివచ్చెను. అందులకై అతడు ‘న్యూయార్కు, లండను, కలకత్తాల డాక్టరు కోల్ట్’ అని తనకు తానే బిరుదు తగిలించుకొని, ఊరూర నవ్వు పుట్టించు వాయువును ప్రదర్శించి డబ్బు కూడబెట్టెను. జనులను నవ్వించి గడించిన సొమ్ముతో జనులను చంపు యంత్రము సిద్ధమైనది. 1836లో అమెరికా ప్రభుత్వము అతనికి హక్కు పత్రము నిచ్చెను.

అంతకు ముందు చేతి తుపాకి సాధారణముగా ఒక్కమాటు పేలునది. ఒకసారి పేల్చిన పిదప మరల మందు కూరి, గుండు దిగగొట్టి, సిద్ధపరచుకొనువరకు కాల్చినవానికిని ఎదుటివానికిని ఆలోచించుటకు కొంత వ్యవధి యుండెడిది. ఆ వ్యవధిని తొలగించుటయే రివాల్వరు సాధించిన విజయము. ఐనను కోల్ట్ మొదటి కర్మాగారము 1842లో మూతపడెను. మెక్సికోతో యుద్ధము వచ్చిన తరువాత, శామ్యూల్ వాకర్ అను టెక్సాసు దళపతి బలమైన రివాల్వరు కావలెనని కోరగా, 1847లో రెండు కిలోలకు పైబడిన బరువుతో ఒక భారీ రివాల్వరు తయారైనది. దానికి వాకర్ పేరే పెట్టిరి. ఆ యేడే ఆ యుద్ధములోనే వాకర్ మరణించెను.

1857లో స్మిత్ అండ్ వెస్సన్ వారు గూడు వెనుకనుండి లోహపు తూటాను చొప్పించు రివాల్వరును తెచ్చిరి. 1935లో మొదటి మాగ్నం రివాల్వరు వారి యొద్దనుండియే వెలువడినది. ఎల్మర్ కీత్ అను పశుపాలకుడు, వేటకాడు, అంతటితో తృప్తి చెందక, 44 కాలిబరు తూటాలలో మందు పెంచి పెంచి ప్రయోగములు చేసెను. ఆ పట్టుదల ఫలముగా 1955 చివర ‘44 మాగ్నం’ పుట్టినది. 1971లో ‘డర్టీ హ్యారీ’ అను చలనచిత్రమున క్లింట్ ఈస్ట్‌వుడ్ దానిని చేతబట్టిన పిదప దాని కీర్తి లోకమంతట ప్రాకినది. 2003లో అదే సంస్థ అరంగుళపు గుండును పేల్చు ‘500 మాగ్నం’ను తెచ్చినది. దాని చక్రములో ఆరు గూళ్ళు పట్టవు, అయిదే. నిడుపాటి గొట్టము గల రకము రెండు కిలోల బరువు తూగును. ఎలుగుబంట్లు తిరుగు అలాస్కా వంటి చోట్ల ఇట్టి రివాల్వర్లను వెంట నుంచుకొనుటలో అర్థము కలదు. డాలసు నగరపు శివారు ఇండ్లలో ఎలుగుబంట్లు తలుపు తట్టవు.

ఒక గృహస్థుని ప్రశ్న

ఐనను మా మేనల్లుడు అట్టి రివాల్వరును కొనవలెనని తలపోయుచుండెను. అతడు ఆ దేశమునకు పోయి రెండు దశాబ్దములు దాటినది, పౌరసత్వమును పొందినాడు. వారి వీధిలో ఒక యింట దొంగలు పడిరి. నాటినుండి అతనికి నిద్ర సరిగా పట్టుట లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రమున ఒలేతా పట్టణములో మన తెలుగు ఇంజనీరు ఒకడు ద్వేషముతో కాల్చిన తూటాకు బలియైన వార్త అతని మనస్సులో నేటికిని ముల్లువలె నున్నది. అతని భయమును పిరికితనమని తీసివేయుటకు మనకు హక్కు లేదు. అతని ఇల్లాలికి వేరొక భయము. ఏడేండ్ల పిల్ల తిరుగు ఇంటిలో తుపాకి యేమిటని ఆమె వాదము. ఇటీవలి సంవత్సరములలో అమెరికాలో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకిని తానే శుభ్రపరచుకొనుచు ప్రాణము కోల్పోయిన వార్తను ఆమెయు చదివినది. ఇరువురి భయములును నిజమైనవే. ఒక భయము తుపాకిని కొనుమనుచున్నది, ఒక భయము వలదనుచున్నది. కొనుటకు ముందు ఒకమారు కాల్చి చూచుట మంచిదని నిశ్చయించుకొని, అతడు నన్నును తోడు రమ్మనెను.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి పత్రము లేనిదే తుపాకి ముట్టరాదు; 2019 సవరణతో ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదను నిబంధనయు వచ్చినది. టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుండి, ఇరువదియొక్క యేండ్లు నిండి చట్టము నిషేధింపని వ్యక్తి అనుమతి పత్రము లేకయే చేతి తుపాకిని వెంట నుంచుకొనవచ్చును. ఐనను నావలె తాత్కాలిక వీసాపై వచ్చిన విదేశీయుడు తుపాకిని తాకుటకు అచటి కేంద్ర చట్టము సామాన్యముగా ఒప్పదు. వేటాడుటకు లైసెన్సు పొందినవారికి మాత్రము మినహాయింపు కలదు. ఆ విధముగా, ఆముక్తమాల్యదను పాఠము చెప్పుకొను నేను, చీమకైనను హాని తలపెట్టకయే, రుసుము చెల్లించి టెక్సాసు రాష్ట్రపు వేటగాడ నైతిని.

ఉరుము, ఉలికిపాటు

అభ్యాసశాల యనగా పొడవైన కాంక్రీటు మందిరము. ఒకవైపు వరుసగా గదుల వంటి అరలు, ఎదుట కాగితపు లక్ష్యములు, వాని వెనుక గుండ్లను పట్టి ఆపు ఉక్కు కట్టడము. కాలిన మందు వాసన గాలిలో నిలిచియున్నది. కాలిక్రింద ఖాళీ ఇత్తడి తొడుగులు గలగలలాడుచున్నవి. కన్నులకు అద్దములు, చెవులకు రెండు వరుసల రక్షణ లేనిదే లోపలికి పోనీయరు. ఈ తుపాకుల శబ్దము 150 డెసిబెళ్ళకు మించును. రక్షణలేని చెవికి ఒక్క పేలుడైనను శాశ్వతముగా హాని చేయగలదు.

నేర్పువాడు మాజీ సైనికుడు, వృద్ధుడు. మొదట అతడు మాకు నాలుగు నియమములను అప్పగింపుమనెను. ప్రతి తుపాకియు నిండియున్నదనియే తలచవలెను. నాశనము చేయదలపని దానివైపు గొట్టమును త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలు మీటపై నుంచరాదు. లక్ష్యమేదో, దాని వెనుక నేమున్నదో యెరిగి కాల్చవలెను. నాల్గవ నియమము చెప్పునపుడు అతడు మా మేనల్లుని ముఖమును చూచెను.

అతడు ఆరు గూళ్ళ 44 మాగ్నంను తీసి, ఒక్క గూటిలో మాత్రమే తూటా నుంచెను. భారీ తుపాకి వెనుకకు తన్నినపుడు క్రొత్తవాని చేయి తెలియకయే బిగిసి మీటను రెండవసారి నొక్కవచ్చును. అప్పటికి గొట్టము పైకప్పువైపో, కాల్చినవాని తలవైపో తిరిగియుండును. ఆ రెండవ తూటాకు తావీయకుండుటయే ఒక్కదానిని పెట్టుటలోని మర్మము. చక్రమునకును గొట్టమునకును నడుమనున్న సందు ప్రక్కకు బొటనవ్రేలు పోనీయవలదని కూడ హెచ్చరించెను. ఆ సందునుండి వెలికి చిమ్ము వాయువులు కత్తివలె కోయును.

నేను రెండు చేతులతో పిడిని బిగించి, సుత్తిని వెనుకకు లాగి, మెల్లగా మీటను నొక్కితిని. ముందు వెలుగు, పిదప శబ్దము అని చెప్పుటకు వీలులేదు, అంతయు ఒక్కసారియే. శబ్దము చెవులకంటె ఎదురురొమ్మునకు ఎక్కువగా తగిలినది. గొట్టము నా నుదుటి యెత్తునకు లేచెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చర్మము భగ్గుమనెను. కాగితమున వెలుపలి వలయములో రంధ్రము కనబడెను. దానిని చూచి సంతోషమో, సిగ్గో నిర్ణయింపరాని భావము ఒకటి నాలో లేచినది. ఇంత బలము నా చేతిలోనిదా యను పొంగు ఒకవైపు, ఇది నా బలము కాదను తెలివి మరొకవైపు.

ఈ తన్నులో మాయ యేమియు లేదు. గుండు బరువు సుమారు 15 గ్రాములు. సెకనుకు 400 మీటర్లకు పైబడి పోవును. తుపాకి 1.3 కిలోలు, అనగా గుండుకు ఎనుబది రెట్లకు పైచిలుకు. గుండు ఎంత వడితో ముందుకు పోవునో అందులో ఎనుబదవ వంతు వడితో తుపాకి వెనుకకు రావలెను. అనగా సెకనుకు సుమారు 5 మీటర్లు. మండిన వాయువుల తోపు దానికి అదనము. గొట్టము పిడికిలికి పైన నుండుటచే తుపాకి వెనుకకు వచ్చుటతో బాటు పైకి లేచును. న్యూటను సూత్రము ఎవ్వరిని క్షమింపదు. ఎదుటివానికి ఇచ్చినదానిలో కొంత పాలు ఇచ్చినవానికి తప్పదు.

మా మేనల్లుని వంతు వచ్చెను. మొదటి గుండు నడుమ వలయమునకు చేరువగా పడెను. రెండవది క్రిందికి, మూడవది మరింత క్రిందికి పడెను. నేర్పువాడు మారు మాటాడక రివాల్వరును తీసికొని, అటు తిరిగి నింపి ఇచ్చెను. ఏ గూటిలో తూటా యున్నదో, ఏది ఖాళీయో కాల్చువానికి తెలియదు. అతడు మీట నొక్కెను. టక్కుమని సుత్తి ఖాళీ గూటిపై పడెను. పేలుడు లేదు, తన్ను లేదు; ఐనను గొట్టము జానెడు క్రిందికి వంగి నేలకు నమస్కరించెను. అందరమును చూచితిమి. అతడును చూచెను.

తుపాకి బెదరింపక ముందే చేయి బెదరినది! రానున్న పిడుగును ఎదుర్కొనుటకు దేహము తొందరపడి, ఆ తొందరలో గురిని చెడగొట్టినది. దీనికి మందు ఒక్కటే: ఖాళీ గూళ్ళతో మరల మరల మీట నొక్కుచు, చేయి కదలకుండుట నేర్చుకొనుట. ఒక గంట అట్లు చేసిన పిదప అతని చేయి కొంత కుదుటపడెను. కడపట 500 మాగ్నంను ఒక్కసారి కాల్చి, మాట లేకుండ దానిని బల్లపై నుంచెను.

గోడకు ఆవల

బయటికి వచ్చుచు నేర్పువాడు ఒక్క ప్రశ్న వేసెను. అర్ధరాత్రి, సగము నిద్రలో, చీకటిలో, గుండె దడదడలాడుచుండగా కాల్చిన గుండు గురి తప్పినచో ఎచటికి పోవును? అచటి ఇండ్ల లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు. కఱ్ఱ చట్రమునకు ఇరువైపుల జిప్సము పలకలు కొట్టినవి. మాగ్నం గుండు అట్టి గోడలను ఒకదాని వెంట ఒకటిగా దూసికొని పోగలదు. కారులో చాలసేపటికి మా మేనల్లుడు నోరు విప్పి, “మామయ్యా, మా పడకగదికి ఆ ప్రక్కగోడ అవతలే పిల్ల మంచం” అనెను. నేను మారు పలుకలేదు. నాటికి అతడు రివాల్వరు కొనలేదు. కొనునో మానునో ఆ దంపతులు నిర్ణయించుకొనవలసినది. వారి వీధిలో దొంగల భయము ఈ వ్యాసముతో తీరునది కాదు.

గురికిని బలమునకును సంబంధము లేదనుటకు హైదరాబాదు వారి యుదాహరణము చాలును. గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో ఎయిర్ రైఫిలుతో కాంస్యము గెలిచెను. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈషా సింగ్ ఎయిర్ పిస్టలుతో వెండి పతకము తెచ్చెను. ఆ పోటీలో గుండు వెడల్పు 4.5 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరమున పది మార్కుల వలయము వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, అనగా మన 44 మాగ్నం గుండు ఇంచుమించు దానిని నిండించును. అంతటి చిన్న చోటును వెదకుటకు కావలసినది పెద్ద మందు కాదు, కదలని మనస్సు.

సౌప్తికపర్వ కథ పాఠకులకు తెలిసినదే. అర్జునుడును అశ్వత్థామయు మహాస్త్రములను ప్రయోగించిరి. మరలింపుడని మహర్షులు కోరగా అర్జునుడు తన యస్త్రమును మరలించెను. అశ్వత్థామకు విడుచుట తెలియును గాని మరలించుట తెలియదు. చివరకు ఆ యస్త్రము గర్భస్థ శిశువుపై పడెను. ఉపసంహారము తెలియనివానికి అస్త్రము దక్కరాదని మన పెద్దలు ఏల విధించిరో ఆ కథయే చెప్పుచున్నది. కోల్ట్ మొదలు నేటివరకు పుట్టిన ఏ యంత్రమునకును ఉపసంహార మంత్రము లేదు. గొట్టము దాటిన గుండును ఏ మహర్షియు మరలింపలేడు. మరలించుటకు మిగిలిన చోటు ఒక్కటే: మీటకును వ్రేలికిని నడుమ నున్న ఆ కొద్ది సందు.