కాంగో రాజు అడిగిన గురువులు

1526లో కాంగో రాజు మొదటి అఫోన్సో పోర్చుగల్ రాజు మూడో జువావుకు ఉత్తరం రాశాడు. వర్తకులు తన ప్రజలను, ఆఖరికి తన బంధువులను కూడా ఎత్తుకుపోయి బానిసలుగా అమ్ముతున్నారని మొరపెట్టుకున్నాడు. తన రాజ్యానికి గురువులు, బడిపంతుళ్లు, దివ్యపూజకు కావలసిన ద్రాక్షారసం, గోధుమపిండి పంపితే చాలన్నాడు.

కాంగోలో క్రైస్తవం ఏ సైన్యమో వచ్చి బలవంతంగా రుద్దిన మతం కాదు. అఫోన్సో తండ్రి న్జింగా అ న్కువు 1491లో జ్ఞానస్నానం పొందాడు, తర్వాత దూరమయ్యాడు. కొడుకు మాత్రం గుళ్లు కట్టించాడు, బళ్లు పెట్టించాడు.

పేచీ పెత్తనం దగ్గర వచ్చింది. పోప్‌లు ఇచ్చిన ‘పద్రువాదో’ హక్కుతో, తాము చేరిన దేశాల్లో బిషప్‌లుగా ఎవరుండాలో పోర్చుగల్ రాజులే సూచించేవారు. అఫోన్సో కొడుకు హెన్రీకెను 1518లో పోప్ పదో లియో బిషప్‌గా నియమించినా, కాంగోకు సొంత మేత్రాసనం, అంటే బిషప్ పాలించే ప్రాంతం, దక్కలేదు. 1534లో కాంగోను సావొ తొమే ద్వీపంలోని మేత్రాసనం కింద చేర్చారు. 1596లో రాజధాని ఎంబాంజా కాంగోకే మేత్రాసనం వచ్చింది, కానీ బిషప్ ఎంపిక లిస్బన్ చేతిలోనే ఉండిపోయింది. పైగా తర్వాతి బిషప్‌లు పోర్చుగీసు వలస నగరం లువాండాలో మకాం పెట్టారు.

దీంతో రాజు రెండో అల్వారో నేరుగా రోమ్ తలుపు తట్టాడు. ఆయన రాయబారి అంతోనియో మనువేల్ దారిలో దోపిడీకి గురై, 1608 జనవరిలో రోమ్ చేరి, రోజుల్లోనే కన్నుమూశాడు. సాంతా మరియా మజ్జోరే బసిలికాలో సమాధి చేశారు. రోమ్ పంపిన కపూచిన్ సన్యాసులు 1645లో గానీ కాంగోలో అడుగుపెట్టలేదు.

వాళ్లూ కొద్దిమందే. ఊళ్లలో మతాన్ని మోసింది స్థానిక ఉపదేశులు. పోర్చుగీసులో ‘మెస్త్రె’ అని పిలిచే వీరిలో చాలామంది పెద్ద కుటుంబాల వాళ్లు. 1624లో లిస్బన్‌లో అచ్చయిన సత్యోపదేశం పుస్తకంలో పోర్చుగీసుతో పాటు కికోంగో భాషా ఉంది. అయినా గురువు ప్రసంగిస్తే పక్కన నిలబడి అనువదించాల్సింది ఉపదేశే. పాపసంకీర్తనంలోనూ గురువుకూ విశ్వాసికీ మధ్య అతనే.

జ్ఞానస్నానంలో గురువు నాలుక మీద పెట్టే చిటికెడు ఉప్పుకు కాంగో ప్రజలు ఎంతో విలువిచ్చారు. అది దుష్టశక్తుల నుంచి కాపాడుతుందని నమ్మారు. గురువు వస్తున్నాడని తెలిస్తే తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని దూరాభారం నడిచొచ్చేవారు.

18వ శతాబ్దంలో గురువుల రాక మరీ తగ్గింది. ఏళ్ల తరబడి గురువు కనిపించని ఊళ్లలోనూ ఉపదేశులు పిల్లలకు ప్రార్థనలు నేర్పుతూనే వచ్చారు.