ఇన్సులిన్ రకం మారేటప్పుడు దాతలు గమనించవలసిన సంగతులు



మందుల సాయం కోసం వచ్చే అర్జీలలో షుగరు మందులవే ఎక్కువ. వాటిలోనూ ఇన్సులిన్ మీద ఆధారపడినవారి అవసరం ఒక నెలతో తీరేది కాదు. దాతలు ఉదారంగా ఇస్తున్నారు, అల్హందులిల్లాహ్. అయితే ఇన్సులిన్ బియ్యం వంటిది కాదు. సన్నబియ్యం బదులు దొడ్డుబియ్యం ఇచ్చినా ఆకలి తీరుతుంది. ఒక ఇన్సులిన్ బదులు ఇంకొకటి చేతికిస్తే ప్రాణం మీదికి రావచ్చు. మేము వైద్యులం కాము, డోసు చెప్పేది డాక్టరుగారే. బడిలో లెక్కలు చెప్పినట్టు ఈ విషయాన్ని విడమరచి చెప్పడమే మా ప్రయత్నం.

ఇన్సులిన్ ఎన్ని రకాలు?

1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి మొదటిసారి ఇచ్చారు. పేటెంట్ హక్కులను టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరు మాత్రమే తీసుకొని అప్పగించేశారు. ప్రాణం నిలిపే మందు మీద సొంత లాభం చూసుకోని ఆ గుణం దానం చేసేవారందరికీ నచ్చేదే.

చాలా ఏళ్ళపాటు ఆవుల, పందుల క్లోమగ్రంథి నుండే ఇన్సులిన్ తీసేవారు. అందుకే ‘ఇందులో పంది పదార్థం ఉందా?’ అని మన పెద్దలు ఇప్పటికీ అడుగుతుంటారు. 1982 నుండి మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి తయారు చేసే ఇన్సులిన్ వచ్చింది. తరువాత ఈస్ట్‌తో చేసేదీ వచ్చింది. ఈ రోజు మందుల షాపుల్లో మామూలుగా దొరికేవి ఇలా తయారైనవే. సీసా మీద ‘హ్యూమన్’ అని ఉంటే అది మనిషి శరీరం నుండి తీసినదని కాదు, మనిషిలో ఊరే ఇన్సులిన్‌ను పోలినదని అర్థం.

మనవాళ్ళు వాడేవి ముఖ్యంగా నాలుగు. రెగ్యులర్ ఇన్సులిన్ అరగంటలో మొదలై, 2 నుండి 4 గంటల మధ్య గట్టిగా పనిచేసి, 6 నుండి 8 గంటల్లో తగ్గిపోతుంది. ఎన్.పి.హెచ్. నెమ్మదిగా మొదలై, మధ్యలో ఒకసారి బాగా ఎక్కువై, సుమారు 12 నుండి 18 గంటలు ఉంటుంది. ఈ రెండింటినీ 30, 70 పాళ్ళలో కలిపిందే ‘30/70’. సర్కారు ఆసుపత్రులకు వెళ్ళేవారికి బాగా తెలిసిన మందు ఇదే. దీన్ని సాధారణంగా ఉదయం, రాత్రి భోజనానికి అరగంట ముందు తీసుకుంటారు. నాలుగోది గ్లార్జిన్. పెద్దగా ఎక్కువ తక్కువలు లేకుండా దాదాపు 24 గంటలు పనిచేస్తుంది. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితాలో దీన్ని కూడా చేర్చారు.

ఎందుకు మారుస్తారు?

రాత్రి వేసుకున్న ఎన్.పి.హెచ్. తెల్లవారుజామున ఉధృతంగా పనిచేసి షుగరు పడిపోతుంటే డాక్టరు గ్లార్జిన్‌కు మార్చవచ్చు. ఖర్చు భరించలేక గ్లార్జిన్ నుండి 30/70కి వచ్చేవారూ ఉన్నారు. ఇవి డాక్టరు చూసి చేసే మార్పులు. ఆసుపత్రిలో స్టాకు లేకో, ఎవరో మిగిలిన మందు ఇచ్చినందుకో జరిగే మార్పులతోనే చిక్కు.

30/70 వాడే మనిషికి అంతే యూనిట్ల గ్లార్జిన్ ఇస్తే సరిపోతుందా? సరిపోదు. 30/70లో భోజనం తరువాత పెరిగే షుగరును పట్టే భాగం ఉంది, గ్లార్జిన్‌లో అది లేదు. దానికి వేరే ఏర్పాటు చేయాలి. రోజుకు రెండుసార్లు ఎన్.పి.హెచ్. తీసుకునేవారు రోజుకు ఒకసారి వేసే గ్లార్జిన్‌కు మారితే, మొత్తం యూనిట్లలో దాదాపు ఐదోవంతు తగ్గించి మొదలుపెట్టడం వైద్యుల పద్ధతి. అంటే పాత చీటీలోని అంకె కొత్త మందుకు వర్తించదు. మారిన మొదటి రెండు మూడు వారాలు షుగరు పరీక్షలు మామూలు కంటే ఎక్కువసార్లు చేసుకోవాలి.

సిరంజి లెక్క

అన్నింటికంటే ప్రమాదం ఇక్కడే. మన దేశంలో రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది. మామూలు సీసాలలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ను కాట్రిడ్జిలలో, కొన్ని సీసాలలో 100 యూనిట్లు. సిరంజిలూ రెండే: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత.

20 యూనిట్లు వేసుకోవలసిన మనిషి 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే లోపలికి వెళ్ళేది అర మిల్లీలీటరు. అంటే 50 యూనిట్లు! రెండున్నర రెట్లు. తిరగేసి, 40 బలం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే వెళ్ళేది 8 యూనిట్లే. మొదటిదానిలో షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు, రెండోదానిలో షుగరు అదుపు తప్పుతుంది. చదువు రాని తల్లికి ఈ త్రైరాశికం ఎవరు చెప్పాలి? అందుకే మందుతో పాటు దానికి తగిన సిరంజి కూడా అదే సంచిలో ఉండాలి. పెన్నుల విషయంలోనూ అంతే. ఒక కంపెనీ కాట్రిడ్జి ఇంకో కంపెనీ పెన్నులో పట్టకపోవచ్చు.

ఈ లెక్క మూగజీవాలకూ వర్తిస్తుంది. పిల్లులకూ మధుమేహం వస్తుంది. పశువైద్యులు వాటికీ గ్లార్జిన్ వంటి ఇన్సులిన్ వాడతారు, చాలాసార్లు ఒకటి రెండు యూనిట్లతోనే మొదలుపెడతారు. అంత చిన్న ప్రాణికి ఒక యూనిట్ బదులు రెండున్నర వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పిల్లిని ప్రేమగా సాకిన హజ్రత్ అబూ హురైరా (రజి) పేరును తలచుకునే మనం, ఇంట్లో జబ్బుపడిన పిల్లికి మనుషుల మందును సొంతంగా వేయకూడదు.

షుగరు పడిపోతే

చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, గుండెదడ, మాట తడబడటం దీని గుర్తులు. షుగరు 70 కంటే తగ్గితే, మనిషి స్పృహలో ఉంటే, వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రమజాన్‌లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రోజా ఉండదలచినవారు నెల ముందే డాక్టరును కలిసి సహరీకి, ఇఫ్తార్‌కు డోసులు మార్చుకోవాలి. వేలి నుండి రక్తం తీసి పరీక్షించుకుంటే, ఇన్సులిన్ వేసుకుంటే రోజా భంగం కాదని ఉలమాలలో ఎక్కువమంది చెబుతున్నారు. షుగరు 70 కంటే తగ్గితే రోజా విరమించవలసిందే. రోగికి దివ్యఖుర్‌ఆన్ సడలింపు ఇచ్చింది, ఆ సడలింపు కూడా అల్లాహ్ కారుణ్యమే.

దాతలకు మా మనవి

మొదటిది, చీటీ చూసి ఇవ్వండి. మందు పేరు, బలం, సీసానా పెన్నా అనే మూడూ సరిపోవాలి.

రెండోది, నెల లెక్క కట్టి ఇవ్వండి. ఉదయం 20, రాత్రి 12 యూనిట్లు వేసుకునే మనిషికి రోజుకు 32, నెలకు 960 యూనిట్లు కావాలి. 40 బలం 10 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 400. రెండు సీసాలు 25 రోజులకే అయిపోతాయి. మిగిలిన ఐదు రోజులు ఏం చేయాలి? టైప్ 1 షుగరు ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆగితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. కనుక మూడో సీసా అదనం కాదు, అవసరం.

మూడోది, చల్లదనం. తెరవని సీసాలు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇళ్ళలో, మన ఎండాకాలంలో, ఇసుకలో పెట్టి తడుపుతూ ఉండే రెండు మట్టికుండల ఏర్పాటు చాలా మేలు. సాయంలో ఒక కుండ ఖర్చు కూడా చేర్చవచ్చు. తెరిచిన సీసాను దాదాపు నాలుగు వారాలకు మించి వాడకూడదు.

నాలుగోది, మీ ఇంట్లో మిగిలిన ఇన్సులిన్‌ను నేరుగా పక్కింటివారికి ఇవ్వకండి. ఎలా నిల్వ ఉందో తెలియని మందు దానం చేయదగినది కాదు. ఆ సదఖాను సిరంజిలు, పరీక్షపట్టీలు, డాక్టరు ఫీజు రూపంలో ఇస్తే అంతే పుణ్యం, ప్రమాదం లేదు.

దానం అవసరమున్నవాడి చేతికి చేరడంతో ముగిసిపోదు, సరైన రూపంలో చేరాలి. మీ సొమ్ము మా చేతిలో అమానత్. రకం, బలం, సిరంజి, రోజులు లెక్క చూసి అందించడమే ఆ అమానత్‌ను కాపాడటం. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.