పాఠశాల ఎంపిక: తల్లిదండ్రుల చేతిలో ఒక అమానతు

వేసవి సెలవులు ముగుస్తున్న కొద్దీ ప్రతి ముస్లిం కుటుంబంలోనూ ఒకే ప్రశ్న: పిల్లలను ఏ పాఠశాలలో చేర్పించాలి? సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. కనుక ఇరుగుపొరుగును చూసి తీసుకునే నిర్ణయం కాదిది.

ముస్లిమేతర ఉపాధ్యాయుల వద్ద చదివిస్తే దీన్‌కు నష్టం వాటిల్లదా అని కొందరు తల్లిదండ్రులు మద్రసాలో మమ్మల్ని అడుగుతుంటారు. హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగిన బద్ర్ యుద్ధాన్ని గుర్తు చేసుకుందాం. పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారు అన్సార్ల పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల చేసేలా దైవప్రవక్త (స) నిర్ణయించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. నిన్నటి వరకు కత్తి పట్టి ఎదిరించిన వారి నుంచి సైతం విద్యను స్వీకరించిన సమాజం మనది. విశ్వాసాన్ని నాటే బాధ్యత మాత్రం ఇంటిదే.

పరీక్షించవలసిన విషయాలు వేరే ఉన్నాయి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలి. పిల్లలను కొట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. ఇవి స్వయంగా వెళ్ళి చూడండి. బిడ్డ ఇల్లు చేరేసరికి మగ్రిబ్ దాటిపోతే ఖుర్ఆన్ పఠనానికి, అమ్మానాన్నలతో నాలుగు మాటలకు సమయమెక్కడిది?

మరొక మాట నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. పేరున్న పాఠశాల ఫీజు కోసం వడ్డీకి అప్పు తెచ్చే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. అల్లాహ్ నిషేధించిన సొమ్ముతో బిడ్డ భవిష్యత్తుకు పునాది వేస్తే అందులో శుభం ఎలా ఉంటుంది? స్తోమతకు తగిన బడిని, అది ప్రభుత్వ పాఠశాలే అయినా, చిన్నచూపు చూడకండి. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాలు 5వ తరగతి నుంచి ఉచిత వసతితో ఆంగ్ల మాధ్యమంలో బోధిస్తున్నాయి. బాలికలకు ప్రత్యేక గురుకులాలు కూడా ఉన్నాయి.

కొడుకుకు ఖరీదైన చదువు, కూతురికి పదో తరగతితో స్వస్తి: ఇది న్యాయం కాదు. రాబోయే తరానికి తొలి గురువు ఆ కూతురే.

భార్యాభర్తలు కలిసి సంప్రదించుకోండి, బిడ్డ అభిరుచిని తెలుసుకోండి, ఇస్తిఖారా నమాజు చేయండి. మన సంతానానికి ఇహపరాలలో మేలు చేకూర్చే విద్యను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.